దేవరాజు వేయించిన చాటింపు

నిర్మల్ నుంచి ఆర్మూర్ పోయే బస్సు బాల్కొండ దాటి రెండు కిలోమీటర్లు వచ్చిందో లేదో, ముందు పోతున్న మక్కజొన్నల ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగింది. బస్సు డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక భాగంలో కుర్చీలో కూర్చున్న కమలవ్వ అనే ముసలమ్మ కుర్చీతో సహా జర్రున ముందుకు దొర్లుకుంటూ వచ్చి దేవరాజు మోకాళ్లకు తగిలింది.

బస్సులో విడి కుర్చీ ఎక్కడిదని అడగాల్సిన మాటే. ఆడవాళ్లకు టికెట్టు ఎత్తేసిన నాటి నుంచి ఆ దారిలో మగవాళ్లకు సీటు దొరకడం అరుదైంది. ఆ రోజు ఆడవాళ్లకు కూడా దొరకలేదు. ఎవరో నిర్మల్‌లో ఒక వింత కుర్చీ ఎక్కించారు. రేసు కారు సీటులాగ ఎత్తైన వీపు, ఎరుపూ నలుపూ పట్టీలు, కింద అయిదు చక్రాలు. కమలవ్వ ఎవరినీ అడగకుండా అందులో కూర్చుని బాల్కొండ దాకా సుఖంగా వచ్చింది.

"నీదేనా బిడ్డా గీ కుర్చి? మస్తుగున్నది. జర చక్రాలకు ఒక రాయి అడ్డం వెట్టు" అని ఆమె దేవరాజుకే పురమాయించింది.

వెనక నుంచి ఒకడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ముప్పై ఆరు, ముప్పై ఏడేళ్లు ఉంటాయి. సన్నగా చెక్కిన గడ్డం, టీషర్టు మీద తుపాకీ పట్టుకున్న బొమ్మ. కుర్చీ తనదేనని చెప్పి, చక్రానికి తన చెప్పు అడ్డం పెట్టి, అప్పుడు తలెత్తి దేవరాజును చూశాడు. చూడడానికి ఏముంది, అంతా పసుపే. పొద్దంతా పసుపు కొమ్ముల పాలిష్ డ్రమ్ము పక్కన నిలబడ్డ మనిషికి కనుబొమలు కూడా పచ్చబడతాయి. అయినా పోల్చుకున్నాడు.

"దేవన్నా, నేను రంజిత్‌ను. యాదికున్ననా?"

యాదికి లేకపోవడమేమిటి. దేవరాజు యాభై ఏడేళ్ల బతుకులో మరచిపోవాలనుకున్నా మరుపు రాని ముఖాలు నాలుగో అయిదో ఉంటే, అందులో ఇదొకటి. కాకపోతే ఆ ముఖానికి అప్పుడు గడ్డం లేదు, పద్నాలుగేళ్లు మాత్రమే ఉన్నాయి.

దేవరాజు కథ కొంచెం వెనక్కు పోయి చెప్పాలి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో గల్ఫు పోయొచ్చినవాళ్లు గొలుసో, టేప్ రికార్డరో, గట్టి దుప్పట్లో తెచ్చుకునే రోజుల్లో, దుబాయిలో మూడేళ్లు ఒక ఆటల హాలు ఊడ్చి వచ్చిన దేవరాజు ఒక ఆలోచన తెచ్చుకున్నాడు. అక్కడ అతను అద్దాలు తుడిచింది వీడియో గేముల మిషన్లకు. తొంభై ఎనిమిదిలో హైదరాబాదు నుంచి మూడు పాత మిషన్లు లారీ మీద దింపుకుని, ఆర్మూర్ పాత బస్టాండు వెనక సందులో గది తీసుకుని, గుమ్మానికి నీలం పరదా కట్టాడు. బోర్డు కూడా పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు. నెల తిరక్కుండానే బడికని బయలుదేరినవాళ్లు, సిద్ధుల గుట్టకు పోయొస్తామని ఇంట్లో చెప్పినవాళ్లు, పసుపు ఉడకబెట్టేటప్పుడు కట్టెలు ఎగదోయమంటే తప్పించుకున్నవాళ్లు అందరూ ఆ పరదా వెనకే తేలారు.

ఊరూరా తిరిగి చూసినవాళ్లకు తెలుస్తుంది, ఈ సంగతి మిషన్లతో మొదలైంది కాదు. సర్కస్ వచ్చిన చోటల్లా, జేబులో టికెట్టు డబ్బులు పెట్టుకుని కూడా డేరా కిందినుంచి దూరే పిల్లలుండేవాళ్లు. గేటులోంచి పోయి చూసిన సింహం వేరు, కడుపు మట్టికి రాసుకుంటూ పోయి చూసిన సింహం వేరు. మీసం మొలిచీ మొలవని వయసులో మనిషికి సింహం కంటే ఆ మట్టి ముఖ్యం. కాని దేవరాజు వ్యాపారి; వ్యాపారి ఎప్పుడూ జనం తన సరుకు కోసమే వస్తున్నారనుకుంటాడు. పిల్లలు తన మిషన్ల కోసమే వస్తున్నారని, ఇంకొంచెం ముందుకు పోయి, తన కోసమే వస్తున్నారని అతను నమ్మాడు. నమ్మడానికి కారణమూ ఉంది. కరెంటు పోతే మిషన్లో గెలిచినవాళ్ల పేర్లు చెరిగిపోయేవి. ఆ రోజుల్లో కరెంటు పోని పూట ఉండేదా? అందుకని దేవరాజు ఆ పేర్లను తన చేత్తో గోడమీద రాసేవాడు. బళ్లో ఎవరూ పలకని పేర్లు అక్కడ గోడకెక్కాయి. అన్నిటికన్నా పైన, ఏడాదిన్నర పాటు, రంజిత్ పేరు.

తర్వాత సెల్ ఫోన్లు వచ్చాయి. రెండువేల పదిలో దుకాణం మూతపడింది. పదేళ్ల ఎదురుచూపు తర్వాత కూతురు దివ్యశ్రీ పుట్టింది కూడా ఆ ఏడే, కాబట్టి భార్య శ్యామల ముందు ఏడవడానికి కూడా అతనికి వీల్లేకపోయింది. రెండు మిషన్లు పాత ఇనుము కింద పోయాయి. మూడోది కొనేవాడు రాక సొంతూరు ఎర్రకుంటలో, పసుపు కల్లం పక్క రేకుల షెడ్డులో గోనెసంచుల కింద పడి ఉంది. దేవరాజు పాలిష్ డ్రమ్ము పట్టాడు. ఉడికి ఎండిన పసుపు కొమ్ములను ఆ డ్రమ్ములో పోసి తిప్పితే, ఒకదానికొకటి రాసుకుని పైతోలు పోయి నునుపు తేలతాయి. మాఘం నుంచి ఉగాది దాకా ఊపిరాడని పని. పదిహేనేళ్లుగా అదే చేస్తున్నాడు. ఆ రోజు బాల్కొండ పోయింది కూడా అక్కడెవరిదో డ్రమ్ము మొరాయిస్తే చూడడానికే.

బస్సులో రంజిత్ చాలా చెప్పాడు. హైదరాబాదులో కంప్యూటర్లు బాగుచేసే పనిచేశాడట, విసుగొచ్చి తిరిగొచ్చాడట. ఆర్నెల్ల కింద మామిడిపల్లి చౌరస్తాలో, బట్టల దుకాణం మీది అంతస్తులో, పన్నెండు కంప్యూటర్లు పెట్టి గేముల సెంటరు తెరిచాడట. ఏసీ ఉందట. ఈ కుర్చీ పదమూడోదట. ఇదంతా నీవల్లనే అన్నా, నీ దగ్గర నేర్చుకున్నదే అన్నాడు. ఆ మాటకు దేవరాజు సంతోషించాలి. సంతోషం రాలేదు. ఏసీ అన్న మాట దగ్గరే అతని మనసు ఆగిపోయింది. తన గదిలో ఒకే ఒక టేబుల్ ఫ్యాను ఉండేది. అది కూడా మిషన్ల వైపు తిరిగి ఉండేది.

పెర్కిట్ దగ్గర పడుతుండగా రంజిత్ ఇంకో మాటన్నాడు.

"మీ ఎర్రకుంట పిల్లలు గూడ వస్తరన్నా. ఒక పొల్ల ఉన్నది, దివ్యశ్రీ అని. ట్యూషన్ ఎగ్గొట్టి వస్తది. అబ్బ, ఏం ఆడ్తదన్నా. అచ్చం నా తీరు ఆడ్తది."

దేవరాజు కిటికీ వైపు చూశాడు. ఆ పొల్ల నా బిడ్డ అని అనలేదు.

తండ్రి అన్నవాడికి ముందు ట్యూషన్ ఎగ్గొట్టిందన్న మాట తగలాలి. ఆ మాట తర్వాతెప్పుడో, ఇంటికి పోయి కాళ్లు కడుక్కునేటప్పుడు తగిలింది. బస్సులో తగిలింది చివరి మాట. నా తీరు ఆడ్తది. రంజిత్ ఎవరి తీరు ఆడేవాడు? ఎడమ చేతి బొటనవేలు ఎక్కడ ఆనించాలో, ఎదుటివాడు దూకేదాకా ఎందుకు ఓపిక పట్టాలో వాడికి చూపించిందెవరు? తన చేతుల్లోంచి వాడి చేతుల్లోకి, వాడి చేతుల్లోంచి తన బిడ్డ చేతుల్లోకి పోయింది. మధ్యలో తాను లేడు.

ఇంట్లో దివ్యశ్రీ చెవుల్లో వైర్లు పెట్టుకుని, గోడకు ఒరిగి, ఫోన్ చూస్తోంది. తొమ్మిదో తరగతి. పదిహేనో ఏడు వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల తండ్రితో ఆడే మాటలన్నీ కలిపి దోసిట్లో పట్టేటన్ని. అన్నం తిన్నావా అంటే ఊఁ. జడ ఎందుకు కత్తిరించుకున్నావంటే భుజం ఎగరేయడం. తల్లి ఒకటంటే పది అనేది, తండ్రిని మాత్రం ఒకటి కూడా అనేది కాదు. అతనితో పోట్లాడడం కూడా దండగ అన్నట్టు. దేవరాజు బస్సు సంగతి బయటపెట్టలేదు. షెడ్డులోకి పోయి గోనెసంచులు తీశాడు.

తొమ్మిది రోజులు పట్టింది. ఎలుకలు కొరికిన వైర్లు మార్చాడు. బొమ్మ పడే గాజు వెనక పదిహేనేళ్ల పసుపు దుమ్ము గట్టిపడితే బ్రష్షుతో గీకాడు. ఒక బోర్డు కోసం నిజామాబాద్ పోయి పాత టీవీలు బాగుచేసే ముసలాయన కాళ్లావేళ్లా పడ్డాడు. కల్లంలో పసుపు కుప్పలు ఎదురుచూస్తున్నాయని, నీకేమన్నా పిచ్చిపట్టిందా అని శ్యామల అరిచింది. నిజమే, పట్టింది. పదో రోజు పొద్దున మిషన్ వెలిగి, పాత బాజా మోగించింది. ఆదివారం కూతుర్ని పిలిచాడు.

దివ్యశ్రీ వచ్చింది. నిలబడి ఆడింది. మిషన్‌కున్న ఆట కర్ర ఎట్లా పట్టుకోవాలో దేవరాజు చెప్పబోతే అప్పటికే సరిగ్గా పట్టుకుంది. పది నిమిషాల్లో నలుగురిని పడగొట్టింది. అయిదోవాడు పడకముందే చేతులు తీసింది.

"బాగుంది డాడీ. మంచిగ చేసినవ్" అంది. నవ్వింది కూడా. ఇంటికొచ్చిన చుట్టాలు పెట్టిన మిఠాయి బాగుందన్నట్టు.

దేవరాజు పన్నెండేళ్ల పాటు ఆ వయసు పిల్లల్ని దగ్గరి నుంచి చూసినవాడు. ఇష్టమైనదాన్ని వాళ్లు బాగుందనరు. మిషన్‌ను కాలితో తంతారు, పక్కవాణ్ని బూతు తిడతారు, అన్నం మరుస్తారు. బాగుంది అన్నారంటే అక్కడ ఏమీ లేదన్నమాట. ఆ పిల్ల పోయాక అయిదోవాడు తెరమీద ఒంటరిగా గంతులేస్తుంటే చూడలేక స్విచ్చి ఆపేశాడు. తండ్రి తుడిచి, బాగుచేసి, పిలిచి చేతిలో పెట్టిన ఆట ఆట ఎట్లా అవుతుందన్న అనుమానం ఒక క్షణం రాకపోలేదు. కాని అసూయ పట్టినవాడి దగ్గర అటువంటి అనుమానాలు ఎక్కువసేపు నిలవవు. లోపం మిషన్‌ది, తనది కాదు, తప్పు రంజిత్‌ది.

మరునాటి సాయంత్రం చౌరస్తాకు పోయి, ఎదురుగా దవాఖాన మెట్ల మీద నిలబడి, పైఅంతస్తు అద్దంలోంచి చూశాడు. కూతురు కనిపించింది. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు. కుర్చీలో కూర్చోలేదు, మోకాళ్ల మీద లేచి ఉంది. పక్క సీట్లో రంజిత్. ఆ పిల్ల వాడి భుజం మీద గుద్దుతూ ఏదో అంటోంది. మాట వినబడలేదు గాని నోరు తెరిచిన తీరు తెలిసింది. "సచ్చినవ్, రంజితన్నా, సచ్చినవ్." వాడు చేతులు జోడించి చచ్చిపోయినట్టు కుర్చీలో వాలాడు. ఆ పిల్ల పడీపడీ నవ్వింది. తన ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో దేవరాజు లెక్క కట్టబోయి మానేశాడు. దవాఖానలోకి పోయేవాళ్లు ఎవరికి బాగాలేదు కాకా అని అడిగారు కూడా.

ఎర్రకుంటకు ఒక అభివృద్ధి కమిటీ ఉంది. ఆ ప్రాంతంలో దాదాపు ప్రతి ఊరికీ ఉంది. బోరు మోటారు నుంచి బోనాల దాకా, ఎవరు ఎక్కడ ఏం అమ్మాలి అన్నదాకా కమిటీ అనుకున్నదే మాట. అనుకున్నది డప్పు కొట్టి చాటిస్తారు. చాటింపు పడ్డాక మాకు తెల్వదు అనడం చెల్లదు. అందుకని చాటింపులో ప్రతిదీ విడమరచి చెప్పాలని ఆ ఊళ్లో పద్ధతి.

దేవరాజు ఆ తర్వాతి ఆదివారం కమిటీ ముందు నిలబడ్డాడు. మన పిల్లలు చెడిపోతున్నారు, చదువులు మంట గలుస్తున్నాయి, ఆర్మూర్‌లో ఒకడు అడ్డా పెట్టాడు అని చెప్పుకుంటూ పోయాడు. గదిలో ఒక మూల నవ్వు మొదలైంది. కమిటీ పెద్ద నాగేందర్ నలభై ఏళ్లవాడు. వాళ్ల నాన్న ఒకప్పుడు అతన్ని నీలం పరదా వెనక నుంచి చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చి, బస్టాండు దాకా అట్లాగే నడిపించాడు.

"ఎవలు చెప్తున్నరే గీ మాట. దేవన్న! నువ్వు మమ్ములను చెడగొట్టిన దాంట్ల సగం గూడ వాడు చెడగొట్టలే గదనే" అన్నాడు నాగేందర్.

అందరూ నవ్వారు. దేవరాజు నవ్వలేదు. అప్పుడు వేరు, ఇప్పుడు వేరు అన్నాడు. ఎట్లా వేరో ఎవరూ అడగలేదు. అప్పుడు నేను, ఇప్పుడు వాడు. అంతే తేడా. కాని ఆడపిల్లలు కూడా పోతున్నారన్న మాట కొందరికి పట్టింది. తీర్మానమైంది. ఎర్రకుంట పిల్లలు అక్కడ కనబడితే ఇంటివాళ్లకు జరిమానా.

సోమవారం పొద్దున నడిపయ్య డప్పు తీసుకుని బయలుదేరాడు. నడిపయ్య ముప్పై ఏళ్లుగా చాటింపు వేస్తున్నాడు. ఒక్క వివరం పొల్లు పోనివ్వడు. దేవరాజు కల్లంలో డ్రమ్ము ఆపి మరీ విన్నాడు.

"ఇనుండ్రి ఊరోళ్లంత. ఆర్మూర్ల, మామిడిపల్లి చౌరస్త కాడ, దవాఖానకు ఎదురుంగ, బట్టల దుకాణం మీద, మెట్లెక్కినంక ఎడమచేతి దిక్కు, రంజిత్ అనేటాయన గేముల దుకాణం వెట్టిండు. పొద్దుగాల పది నుంచి రాత్రి తొమ్మిదింటి దాక తెరిచే ఉంటది. ఏసీ ఉన్నది. గాడికి మన ఊరి పోరగాండ్లు పోవద్దని, పోతే ఇంటోళ్లకు జరిమాన అని కమిటీ తీర్మానం."

వాడవాడకూ ఆగి, వాడవాడకూ మెట్లు ఎక్కించి, ఎడమ చేతి వైపు తిప్పి, నడిపయ్య ఊరు ఊరంతటినీ ఆ దుకాణం గుమ్మం దాకా నడిపించాడు. అప్పటిదాకా ఎర్రకుంట నుంచి అక్కడికి పోయేవాళ్లు ముగ్గురో నలుగురో. అట్లాంటిది ఒకటుందని మిగతావాళ్లకు తెలియదు. ఇప్పుడు అయిదో తరగతి పిల్లలకు కూడా తెలిసింది. ఉందని తెలియడమే కాదు, పోకూడదని కూడా తెలిసింది. బుధవారానికి చుట్టుపక్కల మూడు ఊళ్ల పిల్లలు, డప్పు కొట్టించేటంత గొప్పది అక్కడేముందో చూద్దామని సైకిళ్లు తొక్కారు. శనివారానికి ఆ మెట్ల మీద చోటు లేదు. ఎవరో ఒక పిల్లవాడు నడిపయ్య చాటింపును ఫోన్‌లో పట్టి, తుపాకుల మోత కలిపి, ఊళ్లన్నీ తిప్పాడు.

ఇవన్నీ దేవరాజుకు శ్యామల చెప్పింది. అన్నీ చెప్పి, మన పొల్ల కూడా పోతోంది, జరిమానా మొదట మనకే పడుతుంది, పోయి తీసుకురా అంది.

ఆ సాయంత్రం అయిదు గంటలప్పుడు అతను మెట్లెక్కాడు. చెప్పుల కుప్ప దాటుకుని తలుపు తోస్తే ముందు చల్లగాలి ముఖానికి కొట్టింది. పదమూడు కుర్చీలకు నలభై మంది పిల్లలు. తలుపు చప్పుడుకు దివ్యశ్రీ వెనక్కు తిరిగింది. దేవరాజు ఆ ముఖంలో భయం చూస్తాననుకున్నాడు, కనీసం చిరాకు. ఆ పిల్ల కళ్లు మిలమిలా మెరిశాయి. హెడ్‌ఫోన్లు తీసి, కుర్చీ మీదికెక్కి, అందరికీ వినబడేటట్టు చెప్పింది.

"చెప్పలే? గీయ్ననే. మా డాడీ. ఊరంత డప్పు కొట్టిచ్చింది గీయ్ననే."

నలభై ముఖాలు అతని వైపు తిరిగాయి. ఎంత మురిపెంగా చెప్పింది. ఏడాది పాటు ఆ గొంతులో అంత ఉత్సాహం తన కోసం పలకాలని అతను మొక్కని దేవుడు లేడు. పలికింది, శత్రువును చూపించడానికి. ఈ గదిలో ఆ పిల్లకు ఇప్పుడు ఒక హోదా ఉంది, అందరి తండ్రులూ తిడతారు, ఈమె తండ్రి డప్పు కొట్టించాడు.

రంజిత్ నోరు తెరిచి చూశాడు. "దివ్య నీ బిడ్డనా అన్నా? బస్సుల ఒక్క మాట చెప్పకపోతివి." కోపం లేదు వాడిలో. అదే దేవరాజుకు ఇంకా మండింది. వాడికి కోపం ఎందుకొస్తుంది, మెట్ల దాకా పిల్లలుంటే.

దివ్యశ్రీ దిగి దగ్గరకొచ్చింది. గొంతు తగ్గించింది. "తిట్టు డాడీ. నువ్వు వస్తవు, లొల్లి వెడ్తవు అని వీళ్లకు చెప్పిన."

అడుగుతోంది. మాటలు మానేసిన పిల్ల నోరు తెరిచి ఒకటి అడుగుతోంది. దేవరాజుకు తిట్లు రాక కాదు, నాలుక చివరన నాలుగు వరసగా నిలబడ్డాయి. నోరు తెరిచాడు. అప్పుడే రంజిత్ లేచి వచ్చి, ఆ పిల్లకూ అతనికీ మధ్య, కొంచెం ఆ పిల్ల వైపుగా నిలబడ్డాడు.

"పొల్లను ఏమనకు దేవన్నా. అనేది ఉంటే నన్ను అను" అన్నాడు.

ఆ చోటు ఎట్లాంటిదో ఆర్మూర్‌లో దేవరాజుకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రంజిత్ తండ్రి ఒకసారి నడుముకున్న బెల్టు తీసుకుని వచ్చినప్పుడు, మిషన్‌కూ ఆ బెల్టుకూ మధ్య సరిగ్గా ఇట్లాగే నిలబడి, పోరన్ని కాదు నన్ను కొట్టు అన్నది తానే. ఆ దెబ్బ మోచేతికి తగిలింది. తర్వాత నెల రోజులు ఆ పద్నాలుగేళ్లవాడు తన వైపు చూసిన చూపు, కన్నతండ్రి వైపు ఎన్నడూ చూడని చూపు, పాలిష్ డ్రమ్ము పక్కన పదిహేనేళ్లుగా అతను రోజూ తలుచుకునేది అదే. ఇప్పుడు తాను ఒక్క తిట్టు తిడితే చాలు. ఆ చూపు ఈ పిల్ల కళ్లలోంచి రంజిత్ మీదికి పోతుంది. ఇక జన్మలో తిరిగి రాదు.

దివ్యశ్రీ అతని నోటి వైపే చూస్తోంది. ఎవడో ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

దేవరాజు నోరు మూసుకున్నాడు. రంజిత్‌ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, వెనక్కు తిరిగి, తలుపు తోసుకుని, చెప్పుల కుప్పలో తనవి వెతుక్కున్నాడు. "డాడీ" అని లోపలి నుంచి ఒక పిలుపు వచ్చింది, ఆట మధ్యలో తెర ఆగిపోయినప్పుడు పిల్లలు మిషన్‌ను పిలిచే గొంతుతో. పోతున్నానని గాని, రమ్మని గాని అనకుండా అతను మెట్లు దిగి, చౌరస్తా దాటి, ఎర్రకుంట దారి పట్టాడు.